సూరిబాబు చేసిన ఆరు కర్రలు

కువైట్‌లోని అల్ రాయ్‌లో తలుపులూ అల్మారాలూ చేసే ఒక వర్క్‌షాపులో సూరిబాబుది పద్దెనిమిదేళ్ల సర్వీసు. అంతకుముందు కోనసీమలో తండ్రి పక్కన కూర్చుని పడవలు చేశాడు. చెక్కని చేత్తో తడిమి అది ఎక్కడ విరుగుతుందో చెప్పగల మనిషి. ఇది గొప్పకి చెబుతున్న మాట కాదు. అంత తెలిసినవాడు కాబట్టే, తెలియక చేశాడులే అని అతన్ని వెనకేసుకు రావడానికి ఎవరికీ వీలు లేకుండా పోయింది.

ఐర్లండ్ వాళ్ళ ఆటని అతని దగ్గరికి తెచ్చినవాడు సాయిరామ్. ముప్పై ఏళ్ళవాడు, ముమ్మిడివరం వైపు మనిషి, ఒక స్కూల్లో సైన్సు ల్యాబ్ చూసుకుంటాడు. సూరిబాబుని బాబాయ్ అనీ, అతని భార్య సత్యదుర్గని పిన్ని అనీ పిలుస్తాడు. చుట్టరికం ఏమీ లేదు, శుక్రవారం మధ్యాహ్నం ఫర్వానియాలో వాళ్ళ గదిలో తినే అన్నమే చుట్టరికం. సత్యదుర్గ ఒక కువైటీల ఇంట్లో వంట చేస్తుంది. మామా అని పిలిచే ఆ ఇంటి యజమానురాలు శుక్రవారం ఒక్కరోజే సెలవిస్తుంది. ఆ రోజు ముగ్గురికీ కలిపి వండుతుంది.

సాయిరామ్ స్కూల్లో పాఠాలు చెప్పే ఐర్లండ్ మాస్టార్లు శుక్రవారం సాయంత్రాలు హర్లింగ్ ఆడతారు. హాకీ కర్రలాంటిదే కాని, చివర వెడల్పుగా, పలచగా అట్లకాడలా ఉంటుంది. తోలు బంతి. దాన్ని నేలమీదా కొట్టొచ్చు, గాల్లోనూ కొట్టొచ్చు, కాసేపు చేత్తోనూ పట్టుకోవచ్చు. ఒకరోజు మనిషి తక్కువై సాయిరామ్‌ని పిలిచారు. ఊళ్ళో క్రికెట్ ఆడిన చెయ్యి కదా, నేలమీద దొర్లే బంతిని ఒక్క ఊపున లాగి కొడితే ఆ చివర పడింది. అప్పటినుంచీ వాడూ జట్టులో మనిషయ్యాడు.

ఆ కర్రలు ఊరికే చీలతాయి. చీలినదాన్ని సాయిరామ్ ఒకసారి సూరిబాబు దగ్గరికి తెచ్చాడు. అతను జిగురు పోసి, చివర రేకు పట్టీ చుట్టి, చిన్న మేకులు కొట్టి ఇచ్చాడు. పని నచ్చి జట్టుకి ఆట నేర్పే డెక్లన్ మాస్టారే స్వయంగా వచ్చాడు. యాభై దాటిన మనిషి. వెంట కీరన్ అని కుర్ర ఇంజనీరు.

"చార చూడమను," అన్నాడు సూరిబాబు సాయిరామ్‌తో, కర్ర వంపు మీద వేలు పెట్టి. చెక్కలో నిలువునా పోయే గీతల్ని చార అంటారు. "ఈ వంపు చెక్కింది కాదురా. చెట్టు మొదట్లో, వేరు తిరిగేచోట కోసేరు. వంపుతోపాటు చారా తిరిగింది. అందుకే దెబ్బకి ఆగుతాది. మా పడవలక్కూడా అంతే, వంకర చెక్కే ఏరుకునేవోళ్ళం."

సాయిరామ్ అదంతా ఇంగ్లీషులో చెప్పాడు. డెక్లన్ విని, మా ఊళ్ళో కర్రలు చేసే ముసలాయన అచ్చం ఈ మాటే అనేవాడన్నాడు. ఆ రోజునుంచి సూరిబాబుని 'మాస్టర్' అనడం మొదలుపెట్టాడు. పద్దెనిమిదేళ్ళలో వర్క్‌షాపులో 'యల్లా', కానీ కానీ అని తరిమినవాళ్ళే గాని ఆ పిలుపు పిలిచినవాళ్ళు లేరు.

ఇక డెక్లన్, కీరన్ వచ్చినప్పుడల్లా బెంచీ దగ్గర వాదనే. సూరిబాబు మేకులు కొడుతుంటే సాయిరామ్ నవ్వుకుంటూ తెలుగులో చెప్పేవాడు.

"నేలమీద బంతిని లాగి కొట్టే రోజులు పోయాయంటున్నాడు కీరన్. బంతి చేతిలో పెట్టుకుని, పక్కవాడికి అందిస్తూ పోవాలంట."

"మరి మాస్టారేమంటున్నాడు?"

"అది ఆట కాదు, సంతలో కూరగాయలు అందించుకోడం అంటున్నాడు."

కీరన్ ఊరుకోలేదు. మీ రోజుల్లో హెల్మెట్ కూడా లేదు, మీ జట్టులో పళ్ళున్నవాళ్ళు ఎంతమంది అని అడిగాడు. డెక్లన్ నోరు తెరిచి చూపించి, రెండే లేవు, అవి ఏ మైదానంలో ఉన్నాయో కూడా నాకు తెలుసన్నాడు. కర్ర చివరి భాగం వెడల్పు పదమూడు సెంటీమీటర్లు దాటకూడదని రూలు. ఇప్పటివాళ్ళు ఆ పదమూడూ పూర్తిగా వాడుకుంటున్నారనీ, రేపు చీపుళ్ళతో ఆడతారనీ డెక్లన్ గోల. సూరిబాబుకి ఆ గొడవలు వినడం పండగలా ఉండేది.

జనవరి ఆఖర్లో బహ్రెయిన్‌లో పోటీలు. ఐర్లండ్ నుంచి రావలసిన కర్రలు రాలేదు. రెండు వారాల్లో ఆరు కర్రలు కావాలన్నాడు డెక్లన్. "వంపు తిరిగిన చెక్క ఉందా మాస్టర్?"

లేదు. వర్క్‌షాపులో ఉన్నది ఒక విల్లా తలుపులు చెయ్యగా మిగిలిన, యాష్ అనే చెట్టు పలక. నిటారు చెక్క. దాన్ని వంపుగా కోస్తే కర్ర మెడ దగ్గర, వంపు మొదలయ్యేచోట, చార అడ్డంగా తెగిపోతుంది. లేదు అంటే సరిపోయేది. కాని 'మాస్టర్' అన్న పిలుపు చెవిలో ఉండగా ఆ మాట నోటికి రాలేదు. "ఉంది," అన్నాడు.

రేకు పట్టీ రెండు వరసలు చుడితే ఆగుతుందిలే అని తనకి తానే చెప్పుకున్నాడు. ఆగుతుందని నిజంగా నమ్మితే వార్నిష్ నల్లగా వెయ్యక్కర్లేదు. చార కనపడకుండా మూడు పూతలు వేశాడు.

కొత్త కర్రలతో మొదటి ఆట రోజు సూరిబాబు గీత అవతల నిలబడి చూశాడు. బంతి దొర్లుకుంటూ సాయిరామ్ ముందుకొచ్చింది. వాడు అలవాటు ప్రకారం ఊపి కొట్టాడు. అదే క్షణంలో బంతిని ఎత్తుకోబోయి కీరన్ వంగాడు. రెండు కర్రలూ తగిలాయి. సాయిరామ్ కర్ర మెడ దగ్గర టప్పున విరిగి, రేకు పట్టీతో సహా ఆ ముక్క వెళ్ళి కీరన్ ఎడమచేతి మీద పడింది. రెండు ఎముకలు విరిగాయి.

ఆడేవాళ్ళందరూ ఒకటే మాట. క్రికెట్ ఊపు. ఎదర మనిషున్నా చూడలేదు. అది ఫౌల్ అని కొందరు, పాత ఆటలో అది మామూలే అని డెక్లన్. తేలక, మర్నాడు అతను రెండు ముక్కలూ పట్టుకుని వర్క్‌షాపుకి వచ్చాడు. మాట అటూ ఇటూ చేరవెయ్యడానికి పక్కన సాయిరామే.

"బాబాయ్, ఇది చెక్క తప్పా, కొట్టిన చేతి తప్పా అని అడుగుతున్నారు. నువ్వేం చెబితే అదే అంట."

సూరిబాబు ముక్కల్ని తిప్పి చూశాడు. విరిగినచోట చార అడ్డంగా, బిస్కెట్ తుంచినట్టు కనపడుతూనే ఉంది. కాని అది చార ఎరిగినవాడికే కనపడుతుంది. అద్దాల గది లోపల్నుంచి ముదీర్, అంటే వర్క్‌షాపు మేనేజరు, ఇటే చూస్తున్నాడు.

"చెక్క మంచిదే," అన్నాడు. "దెబ్బ ఎక్కువయ్యింది."

సాయిరామ్ ఆ మాటని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాడు. ఒక్క అక్షరం తగ్గించలేదు. డెక్లన్ వాడి భుజం మీద చెయ్యి వేసి బయటికి నడిచాడు. ముక్కలు బెంచీ మీదే ఉండిపోయాయి.

సాయిరామ్‌ని బహ్రెయిన్ జట్టులోంచి తీసేశారు. నేలమీద బంతిని ఎవరూ లాగి కొట్టకూడదని రూలు పెట్టుకున్నారు. డెక్లన్ కూడా ఎదురు చెప్పలేదు.

ఆ తర్వాత సూరిబాబు రంపం శబ్దం విన్నా ఉలిక్కిపడేవాడు. అదే పలకలోంచి కోసినవి ఇంకా ఐదు కర్రలు ఆటలో ఉన్నాయి. వార్నిష్ సరిచేస్తాను, పంపమని కబురు పెట్టాడు. ఎలాగో మాయం చేద్దామని. అక్కర్లేదు, మాస్టర్ పని మీద మాకు నమ్మకం ఉంది అని జవాబొచ్చింది. ఆ నమ్మకం అన్న మాట తిట్టుకన్నా గట్టిగా తగిలింది.

మూడో శుక్రవారం సాయిరామ్ భోజనానికి వచ్చాడు. సత్యదుర్గ వంకాయ, ఎండురొయ్యలు వండింది.

"కీరన్‌కి చెయ్యి ఎలా ఉందిరా?" అని అడిగిందామె.

"ఇంకా కట్టుందండి పిన్నీ. రోజూ నా కారులోనే తీసికెళ్ళి ఆఫీసులో దింపుతున్నాను. పాపం ఒక్క మాటంటాడేమో అని చూస్తాను. అనడు." ముద్ద కలుపుతూ ఆగాడు. "బంతి చూస్తే కర్ర ఎత్తబుద్ధి కావడంలేదు బాబాయ్. చిన్నప్పటినుంచీ కొట్టే ఊపే కదా, మనిషిని చంపేవాణ్ణేమో అనిపిస్తోంది. ఇవాళ వెళ్ళి జెర్సీ ఇచ్చేసి వస్తాను. ఇక ఖలాస్."

సూరిబాబు చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. సత్యదుర్గ ఇద్దర్నీ చూసింది. మంచం కింద పాత లుంగీలో చుట్టి దాచిన కర్ర ముక్కలు ఆమె ఊడ్చేటప్పుడు ఎప్పుడో చూసింది.

"మీరు తినరా?" అంది.

అతను లేచి చెయ్యి కడుక్కున్నాడు. ముక్కలు బయటికి తీసి, "పద, నేనూ వస్తాను," అన్నాడు.

కారులో చెబుదామనుకున్నాడు. ఈ మలుపు దాటనీ, ఆ మలుపు దాటనీ అని వాయిదా వేశాడు. గ్రౌండులో డెక్లన్ ఎదుట నిలబడ్డాక, సాయిరామ్ వైపు తిరగకుండా చెప్పాడు.

"ఆయనకి చెప్పరా. చెక్క మంచిది కాదు. వంపు చెక్క నా దగ్గర లేదు. విరుగుతాదని నాకు ముందే తెలుసు. ఆ రోజు అబద్ధం చెప్పేను."

సాయిరామ్ ఇంగ్లీషులో చెప్పలేదు. డెక్లన్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.  ఇక తప్పక సూరిబాబు తనకి వచ్చిన వర్క్‌షాపు ఇంగ్లీషే ఎత్తుకున్నాడు.

"ఉడ్ నో గుడ్. దిస్ బాయ్ గుడ్. ఐ నో బిఫోర్. ఫైవ్ మోర్, సేమ్ ఉడ్."

డెక్లన్ ముక్క తీసుకుని విరిగినచోట బొటనవేలితో తడిమి చూశాడు.  తర్వాత ఈల వేసి ఆట ఆపించి, ఆడేవాళ్ళ చేతుల్లోంచి నల్ల వార్నిష్ కర్రలు ఒక్కొక్కటే తీసుకుని చంకలో పెట్టుకున్నాడు. "వై?" అని ఒక్కటే అడిగాడు. మాస్టర్ అనలేదు. సూరిబాబు వెనక్కి తిరిగి బస్టాపు వైపు నడిచాడు.

సాయిరామ్ బస్టాపు దాకా వెనకాలే వచ్చాడు.

"నన్ను తిట్టినా బాధపడేవాణ్ణి కాదు," అన్నాడు. "నీ అబద్ధం నా నోటితో చెప్పించేవు, బాబాయ్."

ఆ మాట అని వెనక్కి తిరిగి గ్రౌండులోకి వెళ్ళిపోయాడు.

సత్యదుర్గ జరిగిందంతా విన్నది. అయ్యో అనలేదు, మంచిపని చేశారని కూడా అనలేదు. "కీరన్ ఆటకి రాలేదు కదా. ఎవరో చెప్పేలోపు మీరే వెళ్ళి చెప్పండి," అంది.

"సాయిరామ్ రాడు. ఇంగ్లీషులో ఎవరు చెబుతారు?"

"మాస్టారికి ఎవరు చెప్పేరు? ఆ నాలుగు ముక్కలే చెప్పండి. చెయ్యి విరిగింది ఆయనది."

మర్నాడు డ్యూటీ దిగి, బట్టలైనా మార్చుకోకుండా, చొక్కా మీద రంపపు పొట్టుతోనే కీరన్ ఇంటికి వెళ్ళాడు. మూడో అంతస్తు. దారి పొడుగునా ఇంగ్లీషు ముక్కలు కూడబలుక్కుంటూ వచ్చాడు, బెల్లు కొట్టగానే అన్నీ మర్చిపోయాడు. లోపల అడుగుల చప్పుడైంది. గడియ తియ్యడానికి చాలాసేపు పట్టింది. ఒక్క చేత్తోనే తియ్యాలి మరి.