తుండుగుడ్డలో మొలకలు

ఈ పొద్దున గుడ్డ మూట ముడి విప్పాను. లోపల పెసలు వెచ్చగా ఉన్నాయి. తెల్లటి మొలకలు గుడ్డ నేతలోంచి బయటికి పొడుచుకొచ్చి, లాగితే రామని పట్టుకు కూర్చున్నాయి. పచ్చిగడ్డీ తడిమన్నూ కలిసినట్టుండే ఆ వాసన ముక్కుకి తగలగానే, నా చెయ్యి దానంతటదే గుడ్డ కొసని కంటికి ఆనించింది. మండుతుందేమోనని చూశాను. మండలేదు. అటుగా వెళ్తున్న మా ఆయన, "లోకంలో అందరూ రుచి నాలుకతో చూస్తారు, నువ్వు కంటితో చూస్తావేంటే?" అన్నాడు. దీనికంతటికీ కారణం కరుణమ్మ టీచర్. ఆవిణ్ణి మీరు చూడలేదు కాబట్టి మొదట్నించీ చెప్తాను. చివరికి మీకేమైనా అర్థమైతే నాక్కూడా కాస్త చెప్పండి.

మా ఊరి బడిలో ఆరో తరగతికి ఆవిడే టీచరు. మిరప కోతలొస్తే నేను బడి ఎగ్గొట్టి అమ్మతో చేలోకి పోయేదాన్ని. ఒకసారి నాలుగు రోజులు పోయి, ఐదో రోజు బడికొచ్చి కడుపునొప్పి అని చెప్పాను. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని వాసన చూసింది.

"నీ కడుపులో మిరపతోట వేశారా సుగుణా?"

"అవునండి. ఈసారి కాపు బాగుంది."

క్లాసంతా గొల్లుమంది. ఆవిడా నవ్వింది. నవ్వడం అయ్యాక నన్ను దగ్గరికి పిలిచి, "వేళాకోళం ఎంతైనా ఆడు. అబద్ధం మాత్రం నాతో ఆడకు. నేనూ నీతో ఆడను" అంది. బెత్తం దెబ్బయితే మర్చిపోయేదాన్నేమో, ఆ మాట మాత్రం మిగిలిపోయింది. ఆ ఏడే నా చదువుకి మంగళం పాడేశారు. మిరపకాయలకి తొడిమలు తీసే పనిలో కూర్చున్నాను. ఆవిడ రెండుసార్లు ఇంటికొచ్చి మా అమ్మని బతిమాలింది. మూడోసారి బతిమాలలేదు, కొంగు నడుముకి దోపి నా పక్కనే మిరపరాశి ముందు కూర్చుంది. చర్చి అయిపోయాక ప్రతి ఆదివారం వచ్చి, తొడిమలు తీస్తూనే నా చేత పాత పేపర్లు చదివించింది. పది తుమ్ములకి ఒక వాక్యం చొప్పున నాకు చదువొచ్చింది. ఇప్పుడీ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆ తుమ్ముల పుణ్యమే.

ఏళ్ళు గడిచాయి. నాకు పెళ్ళయింది, ఆవిడ రిటైరయి మా పక్కింట్లోకే వచ్చింది. ఒంటరి మనిషి. మూడేళ్ళ కిందట బుగ్గలోపల పుండు పడి, అది కేన్సరని తేలితే గుంటూరులో కరెంటు, అదే రేడియేషన్, పెట్టించుకుని వచ్చింది. నోరంతా పచ్చిపుండు. నీళ్ళు మింగినా విలవిల్లాడేది. పది రోజుల్లో బరువు పెరక్కపోతే ముక్కులోంచి గొట్టం వేసి పాలు పోస్తామన్నాడు డాక్టరు. దేనికీ భయపడని మనిషి దానికి భయపడింది.

"బతుకంతా నోటితో అన్నం సంపాదించుకున్నాను. ఇప్పుడు ముక్కుతో తినమంటాడేంటే?"

అందుకే ఆ మొలకల పచ్చడి నేర్పింది. ఆవిడ కుర్చీలో, నేను రోటి దగ్గర. పెసలు పొద్దున నానెయ్యి, సాయంత్రం నీళ్ళు వంచెయ్యి, మెత్తటి పాత నూలుగుడ్డలో మూట కట్టు. మొలక బియ్యపు గింజంత రాగానే ఆవిరి మీద ఉడికించు. వేయించిన నువ్వులు, చిటికెడు జీలకర్ర, ఉప్పు వేసి వెన్నలా నూరి, కమ్మటి పెరుగు కలుపు. అందులో ఇడ్లీ ముక్క ముంచుకుంటే గొంతులోకి జారిపోతుందట.

"కారం?"

"వద్దు."

"ఒక పచ్చిమిరపకాయ?"

"వద్దన్నానా!"

"పోనీ ఒక్క ఎండుమిర్చి. చుట్టపుచూపుగా వచ్చి పోతుంది."

"సుగుణా, ఈ వయసులో దెబ్బలు తింటావు."

మా ఇంట్లో మెత్తటి పాత గుడ్డంటే ఒకటే, మిరపరాశి దగ్గర నా ముక్కుకి కట్టుకునే తుండుగుడ్డ. రెండుసార్లు సబ్బుపెట్టి ఉతికి, ఎండేసి, పెసలు అందులోనే కట్టాను. పచ్చడి చేశాక నేను రుచి చూశాను. చప్పగా ఉంది. మా ఆయనకి పెట్టాను. "ఎవరో నమిలిచ్చినట్టుందే" అన్నాడు. కారం లేదని ఇద్దరం తేల్చాం. కోల్డ్ స్టోరేజీలో మిర్చి బస్తాలు మోసే మనిషి, తొడిమలు తీసే మనిషి కలిసి తేల్చాం మరి!

టీచర్ మొదటి ముద్ద పెట్టుకుంది. కళ్ళమ్మట బొటబొటా నీళ్ళు కారాయి.

"ఎలా ఉందండీ?"

"బాగుంది."

"బాగుంటే ఏడుపెందుకండీ?"

"నోరు మూసుకుని ఇంకో ముక్క పెట్టు."

నాలుగు రోజులు అంతే. ముద్ద ముద్దకీ కళ్ళు మూసుకునేది, మంచం పట్టె గట్టిగా పట్టుకునేది, గిన్నె ఖాళీ చేసేది. ప్రార్థన చేసుకుంటోందేమో అనుకున్నాను. ఎవరైనా గుర్తొచ్చారేమో అనుకున్నాను. నాకేం పాలుపోక జోకులు ఎక్కువ చేశాను.

ఐదో రోజు గుడ్డ జిగటగా ఉందని మరిగే నీళ్ళలో వేసి పిండాను. ఒక చుక్క ఎగిరి కంట్లో పడింది. అంతే, పెరట్లో గంగవెర్రులెత్తిపోయాను. నాలుక మిరపకి అలవాటు పడుతుంది గానీ కన్ను పడదు. ఆ మంటలోనే సంగతి వెలిగింది. తడిగుడ్డతోనే పరిగెత్తాను.

"టీచర్, అందులో కారం ఉందండీ! నా తుండుగుడ్డలోదే! నాలుగు రోజుల్నించీ మీ పుండు మీద కారం పూశానండీ!"

ఆవిడ నా ఎర్రకన్ను వంక చూసి, తర్వాత కిటికీ వంక చూసింది.

"అవునా? కరెంటు పెట్టిన మంటేమో అనుకున్నానే."

"నిజంగానా?"

"ఆ బీరువాలో నా తెల్లచీర ఉంది, ఒక ముక్క చింపుకో. రేపటికి పెసలు నానేశావా?"

ఆ చీరముక్కలో కట్టిన మొలకల పచ్చడి తిన్న రోజు కళ్ళలో నీళ్ళు లేవు. పదో రోజున బరువు చూసి డాక్టరు గొట్టం మాటెత్తలేదు. మరుసటి కోతల దాకా తన నోటితోనే తిని, ఒక మధ్యాహ్నం నిద్రలోనే పోయింది.

కరెంటు పెడితే నాలుకకి రుచులు తెలియవని ఆ డాక్టరే అన్నాడు. అలాగైతే ఆవిడ చెప్పింది నిజమే. కానీ నా చేతుల వాసన చూసి మిరపతోటని పట్టేసిన మనిషికి నోట్లో ఉన్న మిరప తెలియలేదా? తెలిసీ తిన్నదా? గొట్టం భయంతోనా, చెప్తే నేను కుమిలిపోతాననా? నాతో అబద్ధం ఆడనన్న మాట అలాగే ఉందో, నా కోసం ఒక్కసారి తప్పిందో తెలియదు. ఒకరోజు అది నమ్ముతాను, ఒకరోజు ఇది నమ్ముతాను. ఆవిడుంటే, "ఏదో ఒకటి రాసి పేపరిచ్చెయ్యవే" అనేది.

చీరముక్క ఇంకా నా దగ్గరే ఉంది, పెసలు కట్టేది అందులోనే, దాన్ని మిరప పనికి వాడను. ఈ పూట పచ్చడి నూరి మా ఆయనకి ఇడ్లీతో పెట్టాను. ఒక ముక్క తిని, "బాగుంది" అన్నాడు. నేను నోటి వంక చూడలేదు, వంగి కళ్ళలోకి చూశాను.

"ఏంటే అలా చూస్తున్నావు? బాగుందన్నానుగా!"

కళ్ళు పొడిగానే ఉన్నాయి. అప్పుడు నేనూ ఒక ముక్క ముంచుకున్నాను.