కార్డులో గుండ్రటి కంత

పోయిన ఆదివారం ఫోన్‌లో చిన్నది అడిగింది. “అవ్వా, నువ్వు పంపిన కార్డులో బొమ్మ ఊడిపోయింది. ముందు అట్టకి గుండ్రంగా కంత ఉంది అంతే. దాని వెనక ఏమీ లేదు” అంది. నేను చెప్పబోయాను. పెద్దవాడు ఫోన్ లాక్కుని, “గట్టిగా మాట్లాడవ్వా, వినబడటం లేదు” అన్నాడు. మళ్ళీ చెప్పబోయాను. ఇద్దరూ కలిసి హలో హలో అన్నారు. లైను పోయిందనుకుని పెట్టేశారు.

లైను పోలేదమ్మా. పక్క గదిలో మీ మామ నిద్రపోతున్నాడు. ఇక్కడికి దగ్గర్లోని నరసాపురం ఫ్యాక్టరీలో రాత్రి పని చేసి, పొద్దున కంపెనీ బస్సు దిగి, ఇంత ఉప్మా తిని పడుకున్నాడు. మీ అత్త వేమగల్ ఫ్యాక్టరీకి వెళ్ళింది. ఇల్లంతా నాదే, కానీ అందులో గట్టిగా దగ్గడానికి లేదు. అందుకని ఆ కంత సంగతి కాగితం మీద పెడుతున్నాను. మీ అమ్మ చదివి చెప్తుంది.

ఇంత మెల్లగా మాట్లాడటం నేను పుట్టుకతో తెచ్చుకున్నది కాదు. మాది కురుడుమలె పక్కన పల్లె. మా ఇంట్లో పిలుపంటే చేను ఈ గట్టు నుంచి ఆ గట్టుకు వినబడాలి. అలాంటిదాన్ని పెళ్ళయి బంగారు గనుల లైన్లకు వచ్చాను. లైన్లంటే వరసగా కంపెనీ ఇళ్ళు. ఇంటికీ ఇంటికీ మధ్య తడిక గోడ. అవతలింట్లో అప్పడం విరిచినా ఇవతలికి వినబడేది. అప్పటికి గనులు సర్కారు చేతికి వచ్చి చాలా ఏళ్ళయింది. మీ తాతది రాత్రి షిఫ్టు. సాయంత్రం అన్నం డబ్బా తీసుకుని వెళ్తే తెల్లారాక వచ్చి, తిని, చాప మీద వాలిపోయేవాడు.

నేను వచ్చిన మూడో రోజు ఇత్తడి బిందె చేయి జారి నేల మీద పడింది. మీ తాత ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. మళ్ళీ పడుకున్నాడు. కాసేపటికి పక్కింటి అక్క తడిక పక్కకు వచ్చి నన్ను బయటికి పిలిచింది.

“పాపా, రాత్రంతా భూమి లోపల ఉండి వచ్చిన మనిషి పండుకోనుండాడు. గిన్నె దించేటప్పుడు కింద గుడ్డ ఎయ్యి. గాజులు మోచేతి దాకా ఎత్తుకో. ఈ లైన్లో పగలు ఎవురూ గట్టిగా తుమ్మరు గూడా” అంది.

“మాట్లాడేది ఎట్లక్కా మరి?”

“ఎవురితో మాట్లాడతావు? ఆయప్ప లేచినాక మాట్లాడు.”

ఆయన లేచేసరికి వెళ్ళే వేళయ్యేది. నీళ్ళు తోడి, అన్నం పెట్టి, డబ్బా కట్టి ఇచ్చేసరికి నేను పొద్దంతా దాచుకున్న మాటలన్నీ ఎక్కడికో పోయేవి. ఆయన మంచివాడే. కోపం లేదు, తాగుడు లేదు. మాట మాత్రం లేదు. పెళ్ళయిన ఏడాదిలో ఆయన నాతో అన్న మాటలు లెక్కపెడితే సగం ‘ఊ’లే ఉంటాయి.

చప్పుడు లేని పని ఏదైనా కావాలనిపించింది. అక్కవాళ్ళు క్రిస్మస్ చేసుకునేవాళ్ళు. బంధువులు పంపిన పాత కార్డులు రేకు పెట్టెలో దాచి ఉంచేది. ఒకరోజు ఆ పెట్టె నా ముందు పెట్టి, కత్తిరించి కొత్తవి చేసుకోమంది. నేను వాటిని కత్తిరించలేదు. ఎలా చేశారో తిప్పి తిప్పి చూశాను. తెగిపోయిన హవాయి చెప్పు అరికాలును బ్లేడుతో చెక్కి నాలుగు రేకుల పువ్వు తీశాను. అదే నా మొదటి స్టాంపు. తర్వాత చామంతి, చిలక, మామిడి పిందె. రాబర్ట్‌సన్‌పేటలో కొన్న ఊదారంగు ప్యాడు, ఎర్రరంగు ప్యాడు. ముద్ర మొదట పాత పేపరు మీద వేసి, రెండోసారి కార్డు మీద వేయాలి. మొదటి ముద్రలో ఇంకు చెదురుతుంది, రెండో ముద్రలో రేకుల మధ్య గీతలు కూడా పడతాయి. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు, చాలా కార్డులు పాడు చేసుకున్నాక తెలిసింది. అట్ట కోసం పెళ్ళి పత్రికల వెనకవైపు, చొక్కాల పెట్టెలు. అంటించడానికి మైదా పిండి ఉడికించిన జిగురు.

స్టాంపుకు చప్పుడు లేదు. కోత అచ్చులకే కష్టం వచ్చింది. అక్క భర్త వర్క్‌షాపులో పని చేసేవాడు. పెట్టెలకు చుట్టి వచ్చే ఇనుప పట్టీని ఆకులా వంచి, అంచు అరగదీసి, చెక్కలో బిగించి ఇచ్చాడు. రబ్బరు వాషర్లు కోసే పాత గుండ్రటి పంచ్ కూడా ఒకటి ఇచ్చాడు. అట్ట మీద పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే ఆకు ఆకులా, గుండ్రం గుండ్రంలా ఊడి వస్తుంది. ఆ ఒక్క దెబ్బ వేయడమెలా? మనిషి నిద్రపోతున్నాడు కదా.

మధ్యాహ్నం షిఫ్టు మారేటప్పుడు కంపెనీ సైరన్ మోగేది. దాన్ని మేము సంగు అనేవాళ్ళం. ఏళ్ళ తరబడి వింటున్న చప్పుడు కాబట్టి దానికి మాత్రం నిద్రలో ఉన్నవాళ్ళు కదిలేవాళ్ళు కాదు. నేను అట్టలు పరుచుకుని, అచ్చు పెట్టుకుని, సుత్తి ఎత్తి పట్టుకుని కూర్చునేదాన్ని. సంగు మొదలవగానే ఠక్ ఠక్ ఠక్. అది ఆగేలోపు ఎనిమిది ఆకులు తీయగలిగేదాన్ని. తొమ్మిదోది ఎప్పుడూ మిగిలిపోయేది. మళ్ళీ మర్నాడు సంగు దాకా ఆగాలి.

కార్డులు పోగయ్యాయి. ఎవరికి ఇవ్వాలి? ఒక సోమవారం మీ తాత అన్నం డబ్బా కింద, గుడ్డ మడతలో ఒక కార్డు పెట్టాను. ఏమీ రాయలేదు. ఐదో క్లాసు చదివిన నాకు మొగుడికి ఏం రాయాలో తెలియలేదు. పొద్దున డబ్బా ఖాళీగా వచ్చింది. కార్డు లేదు. ఆయన ఏమీ అనలేదు. పై సోమవారం ఇంకొకటి పెట్టాను. అదీ అంతే. తర్వాత ప్రతి సోమవారం పెట్టాను. చూస్తున్నాడా, గుడ్డతో పాటు దులిపి పారేస్తున్నాడా అన్నది ఒక్కటే నాకు కావాల్సింది. అడగొచ్చు కదా అంటారు మీరు. అడిగితే ‘ఊ’ అంటాడు. ఆ ‘ఊ’తో నేనేం చేసుకోను?

అక్క మాత్రం తడిక అవతల నుంచి ఎగతాళి చేసేది. “ఏమ్మే, జవాబు వచ్చెనా?”

“డబ్బా ఖాళీగా వచ్చినాదక్కా.”

“అదే జవాబు లే. కార్డు గూడా తినేసినట్లుండాడు.”

అలా ఏడాది దాటింది. ఒక సోమవారం నేను కొత్త రకం కార్డు చేశాను. చొక్కా పెట్టె దళసరి అట్ట. ముందువైపు గుండ్రటి పంచ్‌తో కంత కొట్టి, లోపలి పేజీలో చామంతి ముద్ర వేశాను. మూసి ఉంచితే కంతలోంచి పువ్వు కనబడుతుంది. తీస్తే ఆకులతో సహా కొమ్మంతా ఉంటుంది. అప్పటిదాకా నేను చేసినవాటిలో అదే బాగా కుదిరింది. డబ్బా కింద పెట్టాను.

మర్నాడు తెల్లవారుతుండగా నేల అదిరింది. గనుల్లో లోపలి రాయి ఒత్తిడికి పగిలితే పైన ఇళ్ళు అదిరేవి. అరలో గ్లాసులు గలగలమనేవి. దాన్ని ఎయిర్ బ్లాస్ట్ అనేవాళ్ళు. అలా అదిరినప్పుడల్లా లైన్లలో ఆడవాళ్ళందరూ గుమ్మంలోకి వచ్చి నిలబడేవాళ్ళు. ఆ పొద్దున కూడా నిలబడ్డాం. కాసేపటికి మీ తాత మామూలుగానే వచ్చాడు. కాళ్ళు కడుక్కుని, తిని, పడుకున్నాడు. నేను తలుపు దగ్గరగా వేసి బియ్యం ఏరుతూ కూర్చున్నాను.

ఎండ ఎక్కాక వీధి చివర అడుగుల చప్పుడు. గనిలో హాజరు చూసే టైమాఫీసు మనిషి ముందు, ఆయన వెనక ఇద్దరు ముగ్గురు, వాళ్ళ వెనక ఆడవాళ్ళు. కొందరు అప్పటికే కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అక్క పరుగున వచ్చి నన్ను గట్టిగా పట్టుకుని ఏడుపు మొదలుపెట్టింది.

నేను ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టాను. “మెల్లగక్కా. నిద్ర లేస్తాడు” అన్నాను.

“ఎవురే లేసేది?”

“ఆయప్పే. లోపల పండుకోనుండాడు.”

“యాడ లోపల?”

“యాడేంది, చాప మీద.”

టైమాఫీసు మనిషి తలుపు కొంచెం తోసి చూశాడు. మీ తాత గోడ వైపు తిరిగి గురక పెడుతున్నాడు. ఆ పెద్దమనిషి అరుగు మీద కూలబడి తల పట్టుకున్నాడు. “నీ మొగుడి టోకెన్ రాలేదమ్మా. లోపలే చిక్కుకొన్నాడని ఇద్దురు మళ్ళా కిందికి దిగినారు” అన్నాడు.

టోకెన్ అంటే నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ. గనిలోకి దిగేటప్పుడు ప్రతివాడూ తన బిళ్ళ తీసుకుని దిగాలి, పైకి వచ్చాక టైమాఫీసు కిటికీలో ఇచ్చేయాలి. కిటికీకి బిళ్ళ రాలేదంటే మనిషి కిందే ఉన్నట్టు లెక్క. అందులోనూ ఆ రోజు నేల అదిరిన రోజు.

ఇక నిద్ర లేపక తప్పలేదు. నేను ఆయన్ని నిద్రలో లేపడం అదే మొదటిసారి. ఆయన చొక్కా జేబులో చెయ్యి పెట్టి, బయటికి తీసింది నా కార్డు. ఆ గుండ్రటి కంతలో ఇత్తడి బిళ్ళ బిగుసుకుని ఉంది. పంచ్ కొలతా బిళ్ళ కొలతా ఒకటే అయ్యాయి. కింద అన్నం తినేటప్పుడు చూసుకుంటూ, సరిపోతుందా అని బిళ్ళను అందులో పెట్టి చూశాడట. సరిపోయింది. అలాగే మూసి జేబులో పెట్టుకున్నాడు. అదిరినప్పుడు అందరితో కలిసి హడావిడిగా పైకి వచ్చి, కిటికీ దగ్గరి తోపులాటలో బిళ్ళ ఇచ్చాననే అనుకుని వచ్చేశాడు.

ఎవరూ నవ్వలేదు మొదట. తర్వాత అక్క కళ్ళు తుడుచుకుంటూ అంది, “ఇదోమ్మే, నీకు జవాబు వచ్చినాది.” అప్పుడు అందరూ నవ్వారు. మీ తాత నవ్వలేదు. టైమాఫీసు మనిషి బిళ్ళ ఊడదీసుకుని కార్డు నా చేతికిచ్చాడు. రాత్రి చెమటకు తడిసిన అట్ట మీద నిద్రలో మనిషి బరువు పడింది కదా, బిళ్ళకు ఆనుకున్న లోపలి చామంతి మీద ఆ నంబరు అచ్చు పడి ఉంది.

కిందికి దిగిన ఇద్దరూ మధ్యాహ్నం సంగుకు ముందు క్షేమంగా పైకి వచ్చారు. వాళ్ళు వచ్చేదాకా మీ తాత గని వాకిట్లో నిలబడే ఉన్నాడు. కంపెనీ మూడు రోజులు పనిలోకి రావద్దంది. ఆ మూడు రోజులూ ఆయన ఇంట్లోనే ఉన్నాడు, పగలు మెలకువగా. నేను ఆశపడ్డాను. చూశాడని తెలిసిపోయింది కదా, ఇక మాట వస్తుందని. మూడో రోజు సాయంత్రం వచ్చింది.

“అమ్మీ, నీ కార్డు చూసుకుంటా మతి మరిసినాను. నా కోసం ఇద్దురు అదిరే రాయి కిందికి మళ్ళా దిగినారు. ఇంగ పెట్టొద్దు.”

“సరే” అన్నాను.

ఇంకేమనాలి? ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. ఆ కార్డుల గురించి ఆయన నాతో అన్న మొదటి మాట అదే.

ఆ తర్వాత డబ్బా కింద గుడ్డ మాత్రమే పెట్టాను. కార్డులు చేయడం మానలేదు. మీ అమ్మ పుట్టినరోజులకు, అక్కవాళ్ళ పండగలకు, లైన్లో పెళ్ళిళ్ళకు చేసి ఇచ్చాను. సోమవారం వస్తే మాత్రం చెయ్యి ఆగదు. ఒకటి చేసి, పెట్టెలో పడేసేదాన్ని.

చాలా ఏళ్ళకు గనులు మూసేశారు. సంగు ఆగిపోయింది. ఆ మొదటి వారం మధ్యాహ్నం వేళకు నేను సుత్తి ఎత్తి పట్టుకుని కూర్చుని, ఎంతకీ మోగకపోతే దించేశాను. మీ తాత అరుగు మీద కూర్చుని చూస్తున్నాడు. అప్పుడు తెగించి అడిగాను.

“ముందర పెట్టినవన్నీ ఏమైనాయి?”

ఆయన నేను దించిన సుత్తి వైపు చూశాడు. తర్వాత అన్నాడు. “కిందే ఉండాయి. మేము కూసోని తినే తావున, చెక్క దిమ్మెల వెనకాల, డబ్బాలో. ఒకటి గూడా పారెయ్యలేదు.”

“పైకి తేగూడదా?”

“పైన నువ్వుండావు గదా.”

లోపలి నీళ్ళు తోడే పంపులు ఆపేశాక గనుల్లోకి నీళ్ళు వచ్చాయని చెప్పుకున్నారు. నా కార్డుల ఊదారంగు ఎప్పుడో ఆ నీళ్ళలో కలిసిపోయి ఉంటుంది. డబ్బా కింద పెట్టినవాటిలో పైన మిగిలింది నంబరు అచ్చు పడిన ఆ ఒక్కటే. మీ తాత పోయాక దాన్ని తీసి చూసుకుంటుంటాను. వేలితో తడిమితే నంబరు తగులుతుంది.

మీ అమ్మ పోయినేడు పంపిన చిన్న మిషను ఉంది నా దగ్గర. పిడి తిప్పితే అచ్చూ అట్టా రోలర్ల మధ్య నుంచి వచ్చి ఆకు ఊడి పడుతుంది. చప్పుడే లేదు. ఎనిమిది కాదు, ఎన్నైనా తీసుకోవచ్చు. తీస్తూ ఉంటే పొద్దు మాత్రం పోదు. మీకు పంపిన కార్డులో కంత మాత్రం పాత పంచ్‌తోనే కొట్టాను, మీ మామ డ్యూటీకి వెళ్ళాక. వెనక ఏ బొమ్మా వేయలేదు. వేద్దామని ప్యాడు తెరిచాను కూడా. ఆ నంబరు గుర్తొచ్చి చెయ్యి రాలేదు.

అందుకని అదేమీ ఊడిపోలేదు తల్లీ. జంషెడ్‌పూర్‌లో మీ ఇంట్లో ఆ కార్డు తెరిచి, కంత వెనక ఏముందా అని వెతికావు చూడు, మీ మామ నిద్ర ఒక్కటే కాదు, అది విని నాకు ఫోన్‌లో మాట రాలేదు. ఈసారి అలా నా మాట ఆగిపోతే వెంటనే పెట్టేయకండి. కాసేపు ఉండండి. నేను ఇక్కడే ఉంటాను.