పనలు ఆరడానికి నాలుగు రోజులు

ద్రాక్షారామం దాటి రెండు కిలోమీటర్లు వచ్చామో లేదో, మా షేర్ ఆటో ఆగిపోయింది. సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంది, మిగతా సగంలో ఒక ట్రాక్టరు వెనక్కి తిరగలేక అవస్థ పడుతోంది. నాకు తొందరేం లేదు. రామచంద్రపురంలో పాత పుస్తకాలమ్మే ఒకాయన ఉన్నాడని ఎవరో చెబితే బయల్దేరాను, ఉన్నాడో లేడో తెలియదు.

పక్కన కూర్చున్నావిడ ఒళ్ళోని ల్యాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని దిగింది. ధాన్యాన్ని కాళ్ళతో తిరగేస్తున్న ముసలాయన దగ్గరికెళ్ళి, "కోశాక పనలు చేలో ఎన్నాళ్ళు ఉంచుతారండీ?" అని అడిగింది. కొడవలితో కోసిన పైరును కట్టలు కట్టకుండా చేలోనే పరిచి ఎండనిస్తారు, వాటినే పనలంటారు.

"ఇన్సూరెన్సు వాళ్ళా?" అన్నాడాయన.

"కాదండి."

"అయితే నాలుగు రోజులు. ఇన్సూరెన్సు వాళ్ళకయితే వేరే చెబుదును."

ఆవిడ చిన్న పుస్తకంలో రాసుకుని వచ్చి కూర్చుంది. అడగడం నా పాత జబ్బు, అడిగాను. పేరు రెబెక్కా. బీయస్సీ చదివి రామచంద్రపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో ఎనిమిదేళ్ళు ఫిజిక్సు చెప్పింది. తర్వాత నీళ్ళ మోటార్ల కంపెనీకి, మోటారుతో పాటు ఇచ్చే పుస్తకాలు రాసింది. ఇప్పుడు హైదరాబాదు కంపెనీ ఒకదానికి ఇంట్లో కూర్చునే పనిచేస్తోంది.

"మోటారు కొన్నవాళ్ళు నా పుస్తకాన్ని అట్టపెట్టెతో సహా పారేసేవారు బాబాయిగారూ. ఇప్పుడు నేను రాసింది చదివేవాడు అక్షరం వదలడు. మనిషి కాదు గనక."

సంగతేంటంటే, రైతులు ఫోన్లో ప్రశ్న అడిగితే ఏఐ ఏజెంటు జవాబు చెబుతుంది. వాన గురించి దానికి సొంతంగా ఏమీ తెలియదు. వాతావరణం చూసిపెట్టే టూల్ ఒకటుంది. ఊరు, తేదీ ఇస్తే వాన అవకాశం, గాలి, ఎండ చెబుతుంది. దాన్ని ఎప్పుడు వాడాలో, ఏమిచ్చి వాడాలో, వచ్చిన జవాబుకి అర్థమేంటో ఏజెంటు చదువుకోడానికి ఒక పత్రం ఉంటుంది. అది రాయడం రెబెక్కా ఉద్యోగం.

నాకు ఉగాది పంచాంగాలు గుర్తొచ్చాయి. ఈ ఏడు మూడు తూముల వర్షం, అందులో ఇన్ని భాగాలు సముద్రంలో, ఇన్ని పర్వతాల మీద, మిగిలింది భూమ్మీద అని చదివేవారు. ఏ ఊళ్ళో, ఏ తారీఖున అని అడిగిన వాణ్ణి నేను చూడలేదు. ఆ మాటే అంటే ఆవిడ నవ్వలేదు.

"మాది తారీఖు కూడా చెబుతుందండి. చిక్కంతా అక్కడే వచ్చింది. రైతు తేదీ చెప్పకపోతే ఇవాళ్టి తేదీ తీసుకోమని రాశాను. బుల్లెమ్మగారని మాకు తెలిసినావిడే, కౌలుకి చేస్తోంది. వరి కోయించొచ్చా అని అడిగింది. ఏజెంటు ఆ ఒక్క రోజుకే చూసి, వాన లేదు, కోయించుకోండి అంది. మూడో రోజున వాన పడింది. ఎకరం పనలు తడిసిపోయాయి."

"తప్పు మీదని ఆవిడకి తెలుసా?"

"తెలియదండి. ఇంకో ఎకరన్నర కోతకుంది. రేపటికి కూలీల్ని పిలిచింది, మళ్ళీ ఫోన్ని అడిగే పిలిచింది. అందుకే వెళ్తున్నాను."

ట్రాక్టరు తప్పుకుంది. ఆవిడ దిగిన చోటే నేనూ దిగాను. పుస్తకాలాయన ఎక్కడికీ పోడు.

బుల్లెమ్మకి అరవై ఉంటాయి. తడిసిన పనలు తిరగేస్తోంది. రెబెక్కా గట్టు మీద నిలబడి జరిగిందంతా ఒక్క ఊపులో చెప్పేసింది. బుల్లెమ్మ ఒక కంకి తెంపి ఆవిడ చేతిలో పెట్టింది. గింజ గింజకీ తెల్లటి మొలక.

"నాకు ఫోను చెప్పింది, ఫోనుకి నువ్వు చెప్పావు. నాలుగు రోజులు ఆరాలని నీకెవరూ చెప్పలేదా? ఏ దేశంలో పుట్టావే?"

"ఇక్కడే పిన్నీ. అందరికీ తెలిసిందే కదా అని రాయలేదు."

"మిషను పెట్టి కోయించకపోయారా?" అన్నాను మధ్యలో.

"గడ్డి నలిగిపోతుందండి. నాకు రెండు గేదెలున్నాయి. ఆ నుగ్గు తమరు తింటారా?"

రెబెక్కా గట్టు మీదే కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది. పత్రంలో ఇవాళ్టి తేదీ తీసుకోమన్న వాక్యం కొట్టేసి ఇలా రాసింది: 'అడిగినవారి పని ఒక్క రోజులో తీరేది కాకపోతే, ఎన్ని రోజులు పొడిగా ఉండాలో ముందు వారినే అడుగు. ప్రతి తేదీకీ విడిగా చూడు. ఏ తేదీకైనా సమాచారం రాకపోతే వాన లేదని చెప్పకు, తెలియదని చెప్పు.'

అది పంపి, పై అధికారి విజయ్ పాల్‌కి ఫోన్ చేసింది. స్పీకర్లో ఆయన గొంతు మాకూ వినిపించింది.

"టూల్ పని వాతావరణం చెప్పడమే కదా మేడమ్. కోతలూ అవీ అందులో ఎందుకు?"

"కోత అన్న మాట రాయలేదు సార్. చదివి చూడండి. నా చేతిలో మొలకలొచ్చిన కంకి ఉంది, ఫొటో కూడా పంపమంటారా?"

"వద్దులెండి, మీరు రాసిందే పెడుతున్నాను" అన్నాడు.

పావుగంటయ్యాక బుల్లెమ్మ తన ఫోన్లో మళ్ళీ అడిగింది, రేపు కోయించొచ్చా అని.

"కోశాక ఎన్ని రోజులు పొడిగా ఉండాలండీ?" అంది ఫోను.

"అడుగుతోందే ఇది" అంది బుల్లెమ్మ, తర్వాత ఫోనుకేసి గట్టిగా, "నాలుగు" అంది.

"రేపు, ఎల్లుండి వాన సూచన లేదండి. ఆ మర్నాడు వాన పడే అవకాశం నూటికి డెబ్బై. నాలుగో రోజు సమాచారం రాలేదు, నాకు తెలియదు."

బుల్లెమ్మ ఇంకా కోయని చేనుకేసి చూసి, కూలీల్ని తెచ్చే రత్తమ్మకి ఫోన్ చేసింది. "రేపు వద్దులేవే... తెలుసు, వేరే చేలోకి పోతారు. పది రోజులకి గానీ మళ్ళీ నా మొహం చూడరు. గింజ రాలితే రాలనీ."

ఫోను కొంగులో కట్టుకుంటూ రెబెక్కా వైపు తిరిగింది. "సరే, ఆగాను. నాలుగు రోజులు వరసగా ఎండ ఎప్పుడు కాస్తుందో అది చెప్పమను. నాక్కావలసింది అదీ."

రెబెక్కా పుస్తకం తీసి ఆ మాట ఉన్నదున్నట్టు రాసుకుంది.

"టీ పెడతాను ఉండు" అంది బుల్లెమ్మ.

రెబెక్కా వినలేదనుకుంటాను. తెరిచిన ల్యాప్‌టాప్ ముంజేతి మీద పెట్టుకుని, ఒక చేత్తో పత్రంలో ఇంకో వాక్యమేదో కొడుతూ, గట్టు వెంట రోడ్డు వైపు నడిచి వెళ్ళిపోయింది.