వాన చూడని కుట్టు

ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు డిపోలో సీట్లు కుట్టిన మనిషి. డిపోలో అందరూ మేస్త్రి అనే పిలిచేవారు. అచ్చుపోసిన ప్లాస్టిక్ సీట్లు రావడం మొదలయ్యాక కుట్టుపని గదికి తాళం పడింది. చివరి రెండేళ్ళూ టైర్ల గోదాములో కాపలా కూర్చుని రిటైరయ్యాడు. భార్య పోయాక కూతురు వచ్చి తన ఇంటికి తీసుకెళ్ళింది.

అక్కడ ఆయనకి లోటు చేసిందేమీ లేదు. టీ, పేపరు, మందులు అన్నీ కూర్చున్న చోటికే వచ్చేవి. అదే ఆయన్ని తినేసేది. కుళాయి కారితే అల్లుడు ఫోను నొక్కేవాడు, అరగంటలో ఎవరో ఒకరు గుమ్మంలో ఉండేవారు. పోనీ కూరగాయలు తరుగుదామంటే కూతురు చేతిలోంచి కత్తి లాక్కునేది.

ఎండాకాలంలో అల్లుడి మోటారు సైకిల్ సీటు చిరిగి స్పాంజి బయటికి వచ్చింది. ఆదివారం మెకానిక్ దగ్గర మార్పిస్తానని అతను అనగానే మేస్త్రి పేపరు మడిచి లేచాడు.

"ఇంట్లో నన్ను పెట్టుకుని వీధిలో ఎవడికో ఇస్తావేంటయ్యా?"

"మీకెందుకు మావయ్యా శ్రమ?"

"శ్రమా పాడా! చేతులు తుప్పు పట్టి చస్తున్నాయి."

"ఇచ్చెయ్యండి బాబూ," వంటగదిలోంచి కూతురు అంది. "లేకపోతే రేపు మన సోఫా విప్పేసేలా ఉన్నారు."

పెరటి వరండాలో రెండు రోజులు పట్టింది. పాత తొడుగుకి కొట్టిన పిన్నులన్నీ స్క్రూడ్రైవరుతో ఒక్కొక్కటే లేపాడు. అడుగు రేకుకి పట్టిన తుప్పు గరుకు కాగితంతో గీకి రంగు వేశాడు. నలిగిపోయిన స్పాంజిని రంపం బ్లేడుతో కోసి, ఆ మేరకి కొత్త ముక్క అతికించాడు. ఇక మిగిలింది తొడుగు. పాతదాని పైభాగంలో ఒక్క కుట్టు కూడా లేదు, బోసిగా ఉంది. మేస్త్రికి అది పనిలా అనిపించలేదు. డిపోలో దూరప్రయాణాల బస్సులకి సీటంతా డైమండు గళ్ళు కుట్టేవారు. ఆ బస్సు వస్తే పై అధికారి నేరుగా ఆయన బల్ల దగ్గరికే వచ్చేవాడు.

నల్ల రెక్సిన్ మీద సుద్దతో గీతలు గీశాడు. అడుగున పల్చటి స్పాంజి పరిచి, కూతురి కుట్టుమిషనుకి లావు సూది బిగించి, ఎర్ర దారంతో గళ్ళు కుట్టాడు. ఎండలో పెట్టి, మెత్తబడ్డాక సీటు మీదికి లాగి పిన్నులు కొట్టాడు. ఎక్కడా చిన్న ముడత లేదు.

అల్లుడు బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "దీని మీద కూర్చోవాలంటే మొహమాటంగా ఉంది మావయ్యా," అన్నాడు.

వీధి చివర మెకానిక్ ఆ సీటు చూసి నాలుగు వారాలు ఆగాడు. కుట్టు ఆగుతుందో లేదో చూసుకోవాలిగా! ఈలోగా వానలు పట్టాయి. ఒకరోజు అల్లుణ్ణి ఆపి సీటెలా ఉందని అడిగాడు. ఫస్ట్ క్లాస్ అన్నాడు అల్లుడు. మర్నాడే రెండు సీట్లు పంపించాడు, ఇవి బాగుంటే ఇకమీదట తన దగ్గరికొచ్చే సీట్లన్నీ మేస్త్రికేనని కబురు పెట్టి.

ఆ వారం మేస్త్రి పొద్దున్నే స్నానం చేసి, చొక్కా జేబులో సుద్దముక్క వేసుకుని వరండాలో కూర్చునేవాడు. ఒకరోజు కూతురు టీ తెచ్చి, "పని అయ్యాక తాగండి నాన్నా, ఇక్కడ పెడుతున్నా," అని వెళ్ళిపోయింది. ఆ మాట టీ కంటే వేడిగా దిగింది ఆయన గొంతులోకి. ఆ రెండు సీట్లకీ గళ్ళే కుట్టాడు. మధ్యలో ఒకసారి అల్లుణ్ణి అడిగాడు కూడా.

"సీటెలా ఉందయ్యా?"

"దానికేం మావయ్యా, సింహాసనం."

పది రోజులు తిరక్కుండా మెకానిక్ ఆ రెండు సీట్లూ చెరో చంకలో పెట్టుకుని వచ్చాడు. వరండా గట్టు మీద దించాడు. ఒకదాని మీద అరచెయ్యి ఆనించి నొక్కాడు.

ప్రతి సూది రంధ్రంలోంచీ ఒక్కొక్క నీటిబొట్టు పైకి లేచింది. గడి తర్వాత గడి, వరస తప్పకుండా, ఎర్ర దారం పొడవునా.

"ఇది సీటు కాదండీ మేస్త్రిగారూ, జల్లెడ," అన్నాడు మెకానిక్. గొంతులో కోపం లేదు. "వాన వెలిసి రెండు రోజులైనా దీని లోపల కురుస్తూనే ఉంది. ఒకాయన తడిసిన ప్యాంటుతో పెళ్ళిచూపులకి వెళ్ళాడట. నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు."

మేస్త్రి తను కూడా నొక్కి చూశాడు.

"బస్సుకైతే పైకప్పు ఉంటుంది," మెకానిక్ అన్నాడు. "బండికి ఏముందండీ, ఆకాశం తప్ప?"

"మా అల్లుడి సీటు బాగానే..."

"నేనూ అదే నమ్మాను. నిన్న వానలో కిరాణా కొట్టు దగ్గర ఆగి, సంచీలోంచి ప్లాస్టిక్ కవరు తీసి సీటుకి తొడుగుతున్నాడు. అప్పుడు అర్థమైంది."

మేస్త్రి షెడ్డు వైపు చూశాడు. అల్లుడి బండి లేదు.

సాయంత్రం అల్లుడు వచ్చి బండి ఆపగానే మేస్త్రి ఎదురెళ్ళి సీటు మీద చెయ్యి వేశాడు. చెయ్యి తడిసింది. అల్లుడి భుజాన ఉన్న సంచీలో కవరుతో పాటు మడతపెట్టిన ప్యాంటు ఒకటి కనిపించింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"మొదటి వాన నుంచి," అల్లుడు చెప్పులు విప్పుతూ, తల ఎత్తకుండా అన్నాడు.

"ఒక్క మాట అనకపోయావా బాబూ? మొదటి వానకే చెప్పుంటే ఆ రెండూ అలా కుట్టేవాణ్ణి కాదుగా!"

"ఎలా చెప్పమంటారు మావయ్యా? మీరు ఎంత సంతోషంగా ఉన్నారో..."

"నీకు తెలుసా?" అని కూతుర్ని అడిగాడు.

గుమ్మంలో నిలబడ్డ కూతురు పమిటతో చేతులు తుడుచుకుంటూనే ఉంది. ఆ ప్యాంట్లు ఉతికేది ఆవిడే మరి.

మర్నాడు మూడు సీట్లూ విప్పాడు. స్పాంజి పిండి, ఆరబెట్టి, దాని మీద మందపాటి ప్లాస్టిక్ కాగితం చుట్టాడు. పైన ఒక్క కుట్టూ లేకుండా, పక్కల్లో మాత్రమే కుట్టి బోసి తొడుగులు వేశాడు. చెంబుతో నీళ్ళు పోసి చూశాడు. నీళ్ళు జారి కింద పడ్డాయి. కుట్టుపని తెలిసిన ఏ చెయ్యి అయినా చేయగలిగిన తొడుగులే అవి.

మెకానిక్ తన రెండూ తీసుకుని బాగున్నాయన్నాడు. ఆ తర్వాత మళ్ళీ ఏమీ పంపలేదు. మూడు వారాలు చూసి మేస్త్రి నడుచుకుంటూ షాపుదాకా వెళ్ళాడు.

"ఈమధ్య సీట్ల పనులే రావడం లేదండీ," అన్నాడు మెకానిక్, ఆయన కూర్చోవడానికి స్టూలు తుడిచి వేస్తూ. అతని వెనక గోడ వారగా ఒక బండి ఉంది. దాని సీటు మధ్యలో అడ్డంగా చిరిగి ఉంది. మేస్త్రి దాన్ని చూడనట్టే కూర్చుని, వానల గురించి కాసేపు మాట్లాడి వచ్చేశాడు.

ఇంటికి వచ్చేసరికి వంటగది కుర్చీ ఒకటి వరండాలో ఉంది. దాని మీది దిండు నలగలేదు, చిరగలేదు. "కాస్త అణిగిపోయింది నాన్నా, మీరు చూస్తారేమోనని," అంది కూతురు. ఆయన ఆ దిండు వైపు చాలాసేపు చూశాడు. తర్వాత కుట్లు విప్పి, స్పాంజి మార్చి, మళ్ళీ కుట్టి కుర్చీలో పెట్టాడు.

"ఎలా ఉందమ్మా?" అన్నాడు.

"చాలా బాగుంది నాన్నా. ఎంత మెత్తగా ఉందో!" అంది కూతురు.

ఆమె ఇంకా కూర్చోలేదు.