తంబురాకో నూలుపోగు

వాద్యాలు బాగుచేసే ఆయన చొక్కాల్లో అంచు సరిగ్గా ఉన్నది ఒక్కటీ ఉండేది కాదు. తంబురా తీగకూ అది ఆనే చెక్కకూ మధ్య సన్నని నూలుపోగు దూరిస్తేనే నాదం ఝుమ్మంటుంది. ఆ పోగు ఉతికి ఉతికి మెత్తబడిందే కావాలని ఆయన పట్టు. అందుకే చెయ్యి తిన్నగా చొక్కా అంచుకే పోయేది. పోగు లాగి, పెదవులతో తడిపి, తీగ కిందికి దూర్చి, తల పక్కకి వాల్చి వినేవాడు.

పోయిన నెల భార్య ఆ పాతవన్నీ పారేసి కొత్త చొక్కా తొడిగింది. "దీని జోలికెళ్ళారో, ఈ ఇంట్లో మీరో నేనో తేలిపోవాలి!"

"సరేనే తల్లీ" అన్నాడు.

ఆ సాయంత్రమే సంగీతం టీచరు తంబురా తెచ్చింది. గంటలో కచేరీ. ఆయన రీలుదారం పెట్టి మీటాడు. తీగ టక్కుమని ఊరుకుంది. ఎంత జరిపినా అంతే. చేతులు చంకల్లో పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు.

కాఫీ తెచ్చిన భార్య మొహం చిట్లించింది. "ఇదేం మోతండీ, రేకుడబ్బా కొట్టినట్టు!" గ్లాసు కింద పెట్టి, తను కప్పుకున్న పాత నూలు శాలువా అంచునుంచి సర్రున ఓ పోగు లాగి ఇచ్చింది. ఈసారి మీటగానే గదంతా నిండింది.

ఇప్పుడాయన చొక్కా నిక్షేపంగా ఉంది. శాలువాయే రోజురోజుకీ కురచవుతోంది. తిట్లు మాత్రం ఇప్పటికీ ఆయనకే.