రాగి మీద ఆర్గాన్ దెబ్బ

రాజాంలో నగరేశ్వరరావు ధాన్యం కొట్టుకు కంప్యూటరు కొన్నది బిల్లులు కొట్టడానికి. ఏడాదిగా అందులో ఆర్గాన్ అయాన్లు రాగి పలకను బాదుతున్నాయి. ప్రోగ్రాం రాసి బాదిస్తున్నది మేనల్లుడు పృథ్వీరాజ్.

"కనబడందాన్ని కనబడందాంతో కొట్టి సూస్తన్నావు. ఎవలికి నొప్పిరా?" అన్నాడు మావ.

"నీకైతే కాదు" అని సంచీ భుజాన వేసుకుని బయటపడ్డాడు పృథ్వీరాజ్.

డిగ్రీ మధ్యలో వదిలేసినవాడు. దొరికిన పుస్తకమల్లా చదివాడు. చదివేకొద్దీ, చదవకుండానే పట్టాలు పుచ్చుకున్నవాళ్ల మీద మంట పెరిగింది. ఆ పూట కాలేజీలో ఆ మంటకు పరీక్ష. అక్కడి ప్రాజెక్టుకు సహాయకుడు కావాలి. లెక్చరర్ అరుణశ్రీ మాటిచ్చింది: అతని ప్రోగ్రాం ప్రయోగంలో వచ్చిన అంకెకు దగ్గరగా వస్తే, పట్టా లేకపోయినా మధ్యాహ్నం కమిటీ ముందు అతని పేరు చెబుతుంది. కొట్టులోంచి బయటపడటానికి అతనికి కనిపించిన దారి అదొక్కటే.

పని వినడానికి తేలికే. వేగంగా వచ్చిన అయాను రాగిలో దూరి ఒక పరమాణువును తంతుంది, అది పక్కదాన్ని తంతుంది. ఆ తాకిడి మళ్లీ పైకొస్తే ఒకటో రెండో పలకను వదిలి ఎగిరిపోతాయి. ఎన్ని ఎగిరాయో లెక్కగట్టాలి.

కాలేజీ ల్యాబులో ప్రోగ్రాం నడిపితే అంకె వచ్చింది. ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు.

"ఇలాగైతే సాయంత్రానికి పలకే మిగల్దు" అంది అరుణశ్రీ.

"మీవోళ్లు కొలవడంలోనే తప్పుందేమో మేడం."

"కోపం తరవాత పడుదువుగాని. పలకని ఏటనుకొని రాసావు?"

"వడ్లరాశి. గుప్పెడు విసిరితే గింజలెలా సెదురుతాయో, అలాగ."

ఆమెది శ్రీముఖలింగం దగ్గర వ్యవసాయ కుటుంబం. "ఎండిన రాశా, తడిసిన రాశా?" అంది.

అప్పుడు తట్టింది అతనికి. తడిసిన రాశి మీద విసిరితే ఏదీ చెదరదు, గింజను గింజ పట్టుకుంటుంది. రాగిలో పరమాణువులూ అంతే, ఆ పట్టు తెంచుకోగలిగిందే బయటికొస్తుంది. పుస్తకంలో ఆ పేజీని, ఇది నాకు తెలిసిందేగా అని, తనే దాటేశాడు. చెవులు వేడెక్కాయి. లేచి వెళ్లిపోదామని సంచీ అందుకున్నాడు కూడా. కానీ వెళ్లాల్సింది కొట్టుకే.

మళ్లీ కూర్చున్నాడు. పట్టు విలువ చేర్చి నడిపించాడు. అంకె దిగింది, చాలా దిగింది, అయినా కాస్త ఎక్కువే. ఆ విలువను కొంచెం పెంచితే అచ్చంగా సరిపోతుంది. మీటల మీద వేలు ఆడింది. రాగికి ఆ విలువ ఎంతో అతనికి తెలుసు. వేలు తీసేశాడు.

"దగ్గరే. మిగిలిన తేడా ఎక్కడిది?" అందామె.

"తెలీదు మేడం."

పట్టా ఉన్న మనిషి ముందు ఆ మాట అనడం అతనికి అదే మొదలు.

కమిటీ గది బయట వరండాలో కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. బయటికి వచ్చినవాళ్లెవరూ అతనివైపు చూడలేదు. చివర అరుణశ్రీ వచ్చింది.

"నిన్ను మూడు నెలలు పెట్టుకొని సూస్తారట. ఆ తేడా సంగతి తేలిస్తేనే తరవాత మాట. నే సెప్పింది సెప్పీసాను, మిగతాది నీ సేతిలో ఉంది. రేపు రా."

"ఇప్పుడే కూకుంటాను మేడం" అని, ఆమె జవాబు వినకుండానే ల్యాబులోకి నడిచాడు.