పడమటి గాలికి కట్టిన సున్నపు బట్టీ

పెనుకొండకు కొంచెం ఇవతల, మా ఇంటి వెనక మిట్టను ఆనుకుని ఒక పాత సున్నపు బట్టీ ఉంది. తాత కాలంలో దాంట్లో సున్నం కాల్చేవాళ్ళు. తాత పోయాక అది ఆరిపోయింది. నాకు తెలిసినప్పటి నుంచి మేకలు ఎక్కి దూకడానికి తప్ప ఎందుకూ పనికి రాలేదు. ఒక పక్క కూలింది, లోపల కంప మొలిచింది, పైనుంచి తొంగి చూస్తే పాములుంటాయని భయపెట్టేవాళ్ళు. అయినా నాకది ఇష్టం. మా తమ్ముడు దాన్ని రాళ్ళ కుప్ప అన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

వాడు ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. అక్కడ పనికి వచ్చిన కుర్రాళ్ళకు అద్దె గదులు చాలడం లేదు. బట్టీ తీసేసి ఆ జాగాలో వరుసగా గదులు వేయాలని వాడి ఆలోచన. తప్పేమీ కాదు, వాడికీ పిల్లలున్నారు. కానీ నేను హిందూపురం బడిలో పాఠం చెప్పి ఆదివారం బస్సు దిగేసరికి, జేసీబీ వాడు వచ్చి జాగా చూసి పోయాడని అమ్మ చెప్పింది. నన్ను ఒక్క మాట అడగలేదు. ఇంక చూడండి, ఆ రోజు ఇల్లు పీకి పందిరేశాను.

మాకు కలిసొచ్చింది ఊరి దిగుడుబావి. దాని మెట్లు కుంగితే బాగు చేయిస్తున్నారు. పని ఒప్పుకున్న సాయిబు మేస్త్రీ, పాత గోడకు సిమెంటు పట్టదు, ఇసుక కలిపి గానుగ రాతి కింద నూరిన సున్నమే కావాలని పట్టుబట్టాడు. మంచి సున్నం ఎక్కడా దొరకక తిరుగుతున్నాడు. నేను ఆయన్ని మా మిట్ట మీదికి పిలుచుకొచ్చాను. ఆయన బట్టీ చుట్టూ తిరిగి, రాళ్ళు తట్టి చూసి, "గట్టిగానే ఉండాది కదక్కా, బాగు చేస్తే కాలుతాది," అన్నాడు.

తమ్ముడు ఒక మాట మీదికి వచ్చాడు. "సరే అక్కా. సున్నం వచ్చిందా, బట్టీని ముట్టుకోను. రాలేదా, దసరా లోపల గదులు లేస్తాయి. మల్లా నన్ను అరవద్దు."

నేను సరే అన్నాను. అనేటప్పుడు ధైర్యంగానే అన్నాను, రాత్రి నిద్ర పట్టలేదు.

కంప కొట్టించాం. కూలిన పక్క రాళ్ళన్నీ ఏరి, ఎర్రమట్టిలో గడ్డి కలిపి తొక్కి, మేస్త్రీ మళ్ళీ గోడ లేపాడు. తమ్ముడు తనే బండి మీద సిమెంటు మూట తెచ్చాడు. పందెం ఒక పక్క, చెయ్యి ఊరుకోకపోవడం ఒక పక్క, వాడి స్వభావమే అంత. మేస్త్రీ నవ్వి, "నిప్పు తగిల్తే ఇది పగిలిపోతాదప్పా, మీ గదులకు పెట్టుకో," అన్నాడు. వంకలో ఏరిన సున్నపు రాళ్ళు ఒక వరుస, బొగ్గులు ఒక వరుస, పైదాకా నింపాం. కింది నోట్లో నిప్పు పెట్టాం. పొగ లేస్తుంటే గెలిచామనుకున్నాను. తొందరపడి హిందూపురంలో తోటి టీచర్లకు ఫోటోలు కూడా పంపాను.

బట్టీ చల్లారాక కింది నుంచి లాగితే రాళ్ళు మసి పూసుకుని వచ్చాయి. పగలగొడితే లోపల పచ్చివే. బాగా కాలిన రాయైతే నీళ్ళు తగలగానే ఉడకాలి, ఒకటి బకెట్లో వేశాం. వేసిన రాయి వేసినట్టే అడుగున కూర్చుంది. మేస్త్రీ బొగ్గు మంచిది కాదేమో అన్నాడు, ఆ మాట ఆయనే నమ్మినట్టు లేదు. తమ్ముడు ఎగతాళి చేస్తే బాగుండేది, నేనూ నాలుగు అనేదాన్ని. వాడు నా పక్కన కూర్చుని, "ఇంగ చాల్లే అక్కా," అన్నాడు మెల్లగా. నాకు ఏడుపొచ్చింది.

బట్టీ వెనక గోడలో, మోకాలి ఎత్తున ఒక గూడు ఉంది. మాకది అమ్మవారి గూడు. బట్టీ ఆరిన తర్వాత అవ్వ అందులో దీపం పెట్టడం మొదలుపెట్టింది, ఆమె తర్వాత అమ్మ. ప్రతి ఏడాదీ సున్నం పూసి, పసుపు రాసి, శుక్రవారం దీపం పెట్టడం ఇంటి ఆచారం. బట్టీ బాగు చేసేటప్పుడు మేస్త్రీ కూడా దాని జోలికి పోలేదు, చెప్పులు విడిచి పక్కనుంచి నడిచాడు.

ఆ శుక్రవారం నేను బడికి సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను. అమ్మ దీపం వెలిగించబోతే అగ్గిపుల్లలు ఆరిపోతున్నాయి. ఆషాఢం కదా, పడమటి గాలి మనుషుల్నే తోసేస్తోంది.

"ఈ నెలంతా ఇంతే. యా ఏడూ ఈడ దీపం నిలబడల్యా," అని అమ్మ విసుక్కుంది.

నేను అప్పటికే చిరాగ్గా ఉన్నాను. "గాలికి ఎదురుగా గూడు కట్టమని ఎవరు చెప్పినారమ్మా మీకు? దీపం పెట్టేవాళ్ళెవరైనా పడమర దిక్కున కడతారా?" అన్నాను.

అనేసి ఆగిపోయాను. అమ్మ కూడా నా వంకే చూసింది. నిజమే, దీపం కోసం ఎవరూ అక్కడ కట్టరు. గాలి కోసమే కడతారు.

చెయ్యి లోపలికి పెట్టి తడిమాను. పక్క రాళ్ళు నిప్పుకు కాలి గరుకు తేలి ఉన్నాయి. వెనక మాత్రం చేత్తో మెత్తిన మట్టి. అవ్వ మూసింది. ఆరిన బట్టీకి గాలి ఎందుకని మూసి దీపం పెట్టి ఉంటుంది. మేమేమో బట్టీ ఊపిరినే మూసిపెట్టి, ఏళ్ళ తరబడి దానికే దండం పెట్టుకున్నాం.

తమ్ముణ్ణీ మేస్త్రీనీ కేకేసి పిలిచాను. పగలగొడదామంటే తమ్ముడి ముఖం పాలిపోయింది. "అమ్మోరి గూడక్కా అది. పిల్లోళ్ళకు ఏమన్నా అయితే?"

నేను తెచ్చిన గడ్డపార గోడకు ఆనించేశాను. పిల్లల పేరు ఎత్తాక ఇంకేముంది? గదులు గెలిచేశాయనే అనుకున్నాను.

అమ్మ వంగి దండం పెట్టుకుంది. ప్రమిదను కొంగులో పెట్టుకుని లేచింది. "బట్టీ ఆరిపోయిందని మీ అవ్వ మూసింది. మల్లా కాలుస్తామంటే ఆమె వద్దంటాదా? ఆ గడ్డపార ఇట్లియ్యి," అంది తమ్ముడితో. మొదటి పోటు ఆమే వేసింది. మట్టి రాలింది. రెండో పోటు వాడు వేశాడు. గాలి లోపలికి దూరి, పైనుంచి బూడిద ఎగజిమ్మింది. మేస్త్రీ నెత్తంతా బూడిదే. ఆయన "ఓరి అల్లా!" అని పకపకా నవ్వాడు, మేమందరం నవ్వాం.

మళ్ళీ నింపి నిప్పు పెడితే ఈసారి బట్టీ బుసలు కొట్టింది. పగటి ఎండలో కూడా పైన మంట కనిపించింది. తమ్ముడు డ్యూటీకి సెలవు చెప్పి అక్కడే తిన్నాడు, అక్కడే పడుకున్నాడు. లాగేరోజు మొదటి పారకు వచ్చిన రాళ్ళు తెల్లగా, చేతికి తేలిగ్గా ఉన్నాయి. ఒకదాన్ని బకెట్లో వేశాను. ఒక్క క్షణం ఏమీ లేదు. బకెట్ మీదికి వంగాను. తర్వాత సుయ్యిమంది, పేలంలా విచ్చుకుంది, నీళ్ళు కుతకుత ఉడికి బకెట్ అంచు దాటి పొంగాయి. నేను కేకలు పెట్టాను. ఈ వయసులో, బడిలో పిల్లల్ని అరవొద్దని చెప్పేదాన్ని, చెరువు కట్ట దాకా వినిపించేలా అరిచాను. అమ్మ బుగ్గలు రెండూ పట్టుకుని ముద్దు పెట్టాను.

సున్నం నానబెట్టి, గానుగ పట్టి, మెట్లకు వేయడానికి తీసుకెళ్ళిన రోజు నేనూ బావి దగ్గరికి వెళ్ళాను. మొదటి బుట్ట తమ్ముడే నెత్తిన పెట్టుకుని దిగాడు. గట్టు మీద కూర్చున్న పెద్దాయన ఒకాయన, "ఏమప్పా, ఇంత తెల్లగుండాది, యాడిదీ సున్నం?" అని అడిగాడు.

తమ్ముడు బుట్ట దించకుండానే వెనక్కి తిరిగాడు.

"మాదే పెద్దాయనా. మా బట్టీలోది. కావాలంటే చెప్పు, వచ్చే ఆషాఢానికి మల్లా కాలుస్తాండాం."